రైతు యింట వెల్డింగు యంత్రము: ఎట్టిది కొనవలెను?

సేద్యమునకు అదను ఎంత ముఖ్యమో, అదనునకు పనిముట్టు సిద్ధముగా నుండుటయు నంత ముఖ్యము. నేల పదునుమీదనున్న దినమున గొర్రు చట్రము పగిలినచో, దానిని పట్టణమునకు మోసికొనిపోయి అతికించి తెచ్చునప్పటికి ఆ పదును ఆరిపోవును. అందుచేత మన సభ్యులలో కొందరు వెల్డింగు ఇంటనే నేర్చుకొన నుద్యుక్తులగుచున్నారు. ఇది మెచ్చదగినదే. కాని అంగడివాని మాట నమ్మి పెద్ద యంత్రము కొనుటకు నేను సమ్మతింపజాలను. నేర్చుకొనువానికి చిన్న యంత్రమే మేలని నా యభిప్రాయము.

గ్యాసుతో అతుకు పద్ధతికి సిలిండర్లు కావలెను; వానిని ఇంట నుంచుట అపాయకరము. తీగెతో అతుకు మిగ్ యంత్రము సులభముగా పట్టుబడును గాని వెల హెచ్చు. పైగా దాని రక్షణ వాయువును ఆరుబయటి గాలి చెదరగొట్టును. కావున కడ్డీతో అతుకు ఆర్కు పద్ధతియే రైతునకు తగినది. అందు పాత ట్రాన్సుఫార్మరు యంత్రము దృఢమైనదే. కాని మిక్కిలి బరువు, కరెంటును ఎక్కువగా లాగును. ఇన్వర్టరు యంత్రము ఒక చేత నెత్తదగినంత తేలిక, ఆర్కు నిలుకడగా నుండును. దానికి శత్రువు దుమ్ము. లోపలి సర్క్యూటు పలక కాలినచో ఊర బాగుచేయువాడు దొరకుట కష్టము. కావున మరమ్మతు అంగడి దాపున నున్న రకమునే కొనవలెను.

యంత్రముపై వ్రాసిన పెద్ద అంకెను చూచి భ్రమపడరాదు. 400 ఆంపియర్ల ఆర్కునకు సుమారు 36 వోల్టులు కావలెను. అనగా 14,400 వాట్లు. నష్టమేమియు లేదనుకొన్నను, 230 వోల్టుల ఇంటి కరెంటునుండి 62 ఆంపియర్లు లాగవలెను. మన పెద్ద ప్లగ్గు తాళగలది 16 మాత్రమే! ఇక ఆ అంకె మనకేమి పనికివచ్చును? నేర్చుకొనుటకు 2.5 మిల్లీమీటర్ల కడ్డీ చాలును. దానికి 60 మొదలు 90 ఆంపియర్లు సరిపోవును. 80 వద్ద ఇన్వర్టరు ప్లగ్గునుండి లాగునది సుమారు 14. కావున నిజముగా 160 లేక 200 ఆంపియర్లిచ్చు యంత్రము మనకు పుష్కలము.

డ్యూటీ సైకిలు ఎంతయని తప్పక అడుగుడు. 60 శాతమనగా పది నిమిషములలో ఆరు నిమిషములు పని, నాలుగు నిమిషములు విశ్రాంతి. ఆ లెక్క సాధారణముగా 40 డిగ్రీల వేడిమికి కట్టినది. మన వేసవిలో విశ్రాంతి పెంచవలెను. ఎంత తక్కువ వోల్టేజికి నడచునో కూడ అడుగుడు. పంపుసెట్టు కనెక్షనునుండి మాత్రము నడుపరాదు. అది 2003 విద్యుచ్ఛట్టము ననుసరించి అనుమతిలేని వాడుక యగును.

సొమ్మంతయు యంత్రమునకే పెట్టక, నాలుగవ వంతు రక్షణకు కేటాయింపుడు. 10 లేక 11 నంబరు నల్లద్దము గల ముసుగు, తోలు చేతితొడుగులు, నూలు బట్టలు, మంచి ఎర్తింగు ఉండవలెను. వట్టి కంటితో ఆర్కును చూచినవానికి ఆ రాత్రి కన్నులలో ఇసుక పోసినట్లు బాధ కలుగును; పిల్లలను దరిచేరనీయకుడు. జింకుపూత రేకుల పొగ జ్వరము తెచ్చును. డీజిలు పీపా ఖాళీదైనను అతుకబోకుడు, అది పేలును. గడ్డివాము చెంత పని వలదు.

తొలుత 5, 6 మిల్లీమీటర్ల పాత ఇనుప పట్టీలపై, 6013 రకము పొడి కడ్డీలతో గీతలు పోయుడు. చిట్టెము రాల్చి చూడుడు. రెండు పట్టీలనతికి, వంచి విరుగగొట్టి, లోన కరగి కలిసినదో లేదో పరీక్షింపుడు. చేయి కుదిరిన పిమ్మట గేట్లు, చట్రములు అతుకవచ్చును. ట్రక్కు కొక్కెమును మాత్రము నేర్పరికే విడువుడు. అది ఊడినచో ప్రాణములు పోవును. గొర్రు కొనల ఉక్కు గట్టిది. సామాన్యపు కడ్డీతో అతికిన బీటవారును. వానిని మార్చుటయే మేలు.

ఇంతకు ఇంటికొక యంత్రమేల? సంవత్సరములో అధిక దినములు అది మూలనుండును. నాలుగు కుటుంబములు కలిసి యొకటి కొని, వంతుల వారీగా వాడుకొని, మరమ్మతు ఖర్చును పంచుకొనినచో, అప్పు చేయవలసిన పనియుండదు. సహకారమనగా నిదియే కదా! రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ సంగతి చర్చింపవలెనని సభ్యులను కోరుచున్నాను.