పెట్టె ఫ్రీజరా, బీరువా ఫ్రీజరా?

చేపలు, రొయ్యలు నిల్వచేసి అమ్ముకొనేందుకు అప్పు చేసి ఫ్రీజరు కొనదలచినవారిని దుకాణంలో మొదట ఆకర్షించేది బీరువా రకం. అది తక్కువ చోటులో ఇముడుతుంది. ఏ అరలో ఏమున్నదో ఇట్టే కనబడుతుంది. అయినా కరెంటు కోతలున్న గ్రామానికి పైమూత గల పెట్టె రకమే తగినదని మా అభిప్రాయం.

చల్లగాలి బరువైనది. నిలువు తలుపు తెరవగానే కిందికి జారి బయటికి పోతుంది. పెట్టె మూత ఎత్తినా చాలావరకు లోపలే నిలుస్తుంది. మైనస్ 18 డిగ్రీల వద్ద గడ్డకట్టిన సరుకుతో నిండిన ఫ్రీజరు, తెరవకుండా ఉంచితే, కరెంటు పోయినా సుమారు 48 గంటలు కాపాడుతుందని లెక్క. సగమే నిండితే 24 గంటలు. మన ఎండలలో అంతకన్న తక్కువేననుకోవాలి. కనుక అవసరానికి మించిన పెద్ద ఫ్రీజరును అంటగట్టే డీలరు రైతుకు మేలు చేసినవాడు కాడు.

పెట్టెకూ లోపమున్నది. పాత సరుకు అడుగున పడి మరుగవుతుంది. పొట్లాలపై తేదీ వ్రాసి, బుట్టలలో సర్ది, పాతదానినే ముందు అమ్మాలి. పేరుకున్న మంచును కరగించాలే కాని కత్తితో గీకరాదు. గొట్టానికి చిల్లు పడితే వాయువు పోతుంది. వాయిదాలు మాత్రం మిగులుతాయి.