పెళ్లి వేదికలైన మేడలు, పేర్లు లేని మనుషులు

2025 మే 15న అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో నాటోవే అనే చారిత్రక భవంతి అగ్నికి ఆహుతైంది. మిసిసిపీ నది చేరువన చెరకు తోటల యజమాని జాన్ హాంప్డెన్ రాండాల్ఫ్ కట్టించిన ఆ మేడ 1859లో పూర్తయింది. విస్తీర్ణం సుమారు 53 వేల చదరపు అడుగులు. 1860 నాటికి అతని ఆధీనంలో 155 మంది నల్లజాతి బానిసలుండేవారు. మన కాలానికి అది రిసార్టుగా, ఖరీదైన పెళ్లి వేదికగా మారింది. అది కాలిపోయినప్పుడు అక్కడ పెళ్లి చేసుకున్నవారు కొందరు విలపించారు. నల్లజాతీయులు పలువురు సంబరపడ్డారు.

ఒకే భవనం కొందరికి మధుర జ్ఞాపకం, మరికొందరికి చెరసాల ఎందుకైంది? వారసత్వమంటే యజమాని వైభవమేనన్న భావనే దీనికి మూలం. 1860 జనగణనలో బానిసలను యజమాని పేరు కింద వయసు, లింగం, రంగులను బట్టి లెక్కించారు. దాదాపు ఎవరి పేరూ రాయలేదు. అదే రాష్ట్రంలో 2014లో మ్యూజియంగా తెరిచిన విట్నీ తోట ఇందుకు భిన్నం. అక్కడి స్మారక ఫలకాలపై బానిసల పేర్లు చెక్కారు.

ఈ చర్చ తెలంగాణ గడీలకూ వర్తిస్తుంది. వెట్టి, బానిసత్వం ఒకటి కావు. అయితే ఎవరు ఏ చాకిరీ ఉచితంగా చేయాలో ఇక్కడ కులమే నిర్ణయించింది. దొర ఇంట పెళ్లంటే ఊరికి వెట్టి భారం రెట్టింపయ్యేది. మాదిగలు చెప్పులు, కుమ్మరులు కుండలు, గొల్లలు గొర్రెలు, గౌండ్లు కల్లు ఇచ్చుకోవాలి. చాకలి, మంగలి కులాలవారు పగలూ రాత్రీ పనిచేయాలి. ఈ వ్యవస్థను ఎదిరించిన ఊరేగింపుపై 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు జరిపిన కాల్పుల్లోనే దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. కాబట్టి గడీలో పెళ్లి అనగానే గుర్తుకు రావలసినది వైభవం మాత్రమే కాదు.

గడీలను కూల్చాలనో, వాటిలో పెళ్లిళ్లు వద్దనో ఈ వాదన కాదు. వేడుకకు వచ్చినవారికి చరిత్ర పాఠం అవసరమా అని కొందరు అడగవచ్చు. పాతకాలపు దర్పాన్ని అద్దెకిచ్చేవారు ఇప్పటికే చరిత్రను అమ్ముతున్నారు, సగమే అమ్ముతున్నారు. వెట్టి చేసిన తరం కనుమరుగవుతోంది. వారి పిల్లలైనా ఉండగానే ఊరూరా ఆ పేర్లు సేకరించాలి. ప్రజాధనంతో పునరుద్ధరించే ప్రతి గడీ ద్వారం వద్ద కులాలవారీగా వెట్టి చరిత్రను, ఆ పేర్లను నిలపాలి. పర్యాటక శాఖ దీన్ని షరతుగా విధించాలి.