జీపు బ్యాటరీ ఎందుకు నీరసపడింది?

పిల్లలూ! మహబూబాబాదు నుంచి ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి ఉత్తరం రాసింది. మిలిటరీవాళ్ళు వేలం వేసిన పాత జీపు ఒకటి వాళ్ళ తాత దగ్గర ఉన్నది. ఆరేళ్ళు కొట్టంలో పడి ఉన్న ఆ బండిని ఆయన బాగు చేయించాడు. అది మొదలు ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చాడు. రెండోది జనగామలో కొన్నాడు. కొత్తది పెట్టాక వారం రోజులు జీపు హాయిగా నడుస్తుంది. ఆ తరువాత స్టార్టు కాదు. మొన్న భూపాలపల్లి పోతూంటే, మోరంచవాగు చేరేసరికి దీపాలు గుడ్డివైపోయాయట. 2023 జూలైలో పొంగి మోరంచపల్లిని ముంచెత్తిన వాగు అది. అలాంటి చోట, చీకట్లో, దీపాలు లేని బండి! "ఇక మూడో బ్యాటరీ కొనను, జీపును పాత ఇనుము కింద అమ్మేస్తాను అంటున్నాడు తాత. బ్యాటరీలు నిజంగా చెడ్డవేనా?" అని అడుగుతోంది ఆ అమ్మాయి.

కావు. జవాబు ఆమె ఉత్తరంలోనే ఉంది. రెండు బ్యాటరీలూ వారం రోజులు చక్కగా పనిచేశాయి కదా! బ్యాటరీ గాదెలాంటిది. రోజూ తీస్తూ, తిరిగి ఒక్క గింజ అయినా పోయకపోతే ఎంత కొత్త గాదె అయినా ఖాళీ అవుతుంది. మెకానిక్కులు బ్యాటరీ మార్చమని ఎందుకంత తొందరగా చెబుతారో తెలుసా? అది పది నిమిషాల పని. గాదెలో పోసేవాడు ఏమయ్యాడని వెతకటానికి ఒక పూట పడుతుంది.

జీపులో పోసేది డైనమో. 1831లో మైకేల్ ఫారడే ఒక వింత కనిపెట్టాడు. ఆయన కమ్మరి కొడుకు. చిన్నప్పుడు పుస్తకాలకు అట్టలు కట్టే పని నేర్చుకున్నాడు. అయస్కాంతం దగ్గర రాగితీగ చుట్ట కదిలితే తీగలో విద్యుత్తు పుడుతుందని ఆయన చూపించాడు. భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని విద్యుత్ కేంద్రానికీ ఇదే ఆధారం. అక్కడ బొగ్గు మండించి ఆవిరితో తిప్పుతారు. జీపులో ఇంజను బెల్టుతో తిప్పుతుంది.

రెండో ప్రపంచయుద్ధం కోసం 1941 నుంచి 1945 దాకా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఇలాంటి జీపులు ఆరు లక్షలకు పైగా చేశాయి. వాటి బ్యాటరీ 6 వోల్టులది, మూడు మూతలుంటాయి. ఈ అమ్మాయి రాసిన జీపుకూ మూడే. (కొందరు 12 వోల్టులకు మార్పించుకుంటారు, అప్పుడు ఆరు మూతలు. నేను చెప్పే లెక్కలు వాటికి పనికిరావు.)

ఆ జీపుల్లో ఒక తమాషా ఉన్నది. వాగు దాటేటప్పుడు ముందున్న ఫ్యాను తిరిగితే నీళ్ళను ఇంజను మీదికి చిమ్ముతుంది. అందుకని డైనమో పక్కన ఒక పిడి పెట్టారు. దాన్ని పైకి లాగితే బెల్టు వదులై ఫ్యాను ఆగుతుంది. వాగు దాటాక పిడిని మళ్ళీ యథాస్థానానికి తేవాలి. మరిచిపోతే? ఫ్యాను ఆగినట్టే డైనమో కూడా ఆగుతుంది! కాబట్టి ఇంజను ఆపి, పెద్దవాళ్ళను పక్కన ఉంచుకొని, మొదట ఆ పిడినీ బెల్టునూ చూడండి. బొటనవేలితో నొక్కితే బెల్టు కొద్దిగా లొంగాలి, వేలాడకూడదు.

తరువాత బ్యాటరీ కొసల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడి. అది కరెంటుకు అడ్డుగోడ. బ్యాటరీ నుంచి చాసిస్‌కు పోయే తీగ కింద రంగు ఉన్నా అంతే. అవి శుభ్రం చేసేటప్పుడు దగ్గర బీడీ వెలిగించనివ్వకండి, బ్యాటరీలోంచి మండే వాయువు వస్తుంది.

ఇవి బాగుంటే మిగతాది మెకానిక్కు పని. డైనమోలో బొగ్గు బ్రష్షులు అరిగాయేమో చూడాలి. రెగ్యులేటరు పెట్టెలో 'కటౌట్' అని ఒకటి ఉంటుంది. మీ బావి మోటారుకు ఫుట్‌వాల్వు ఉన్నట్టే అన్నమాట. ఇంజను ఆగినప్పుడు బ్యాటరీలోని కరెంటు వెనక్కు డైనమోలోకి జారకుండా ఆపుతుంది. దాని ముళ్ళు అతుక్కుపోతే రాత్రికి రాత్రే గాదె ఖాళీ!

కాని నాకు ఎక్కువ అనుమానం ఆ ఆరేళ్ళ మీద. డైనమోలో శాశ్వతమైన అయస్కాంతం ఉండదు. ఇనుప దిమ్మలలో కిందటిసారి మిగిలిన కాస్త అయస్కాంతమే మొదటి కరెంటును పుట్టిస్తుంది. ఆ కరెంటు అయస్కాంతాన్ని పెంచుతుంది. అది మళ్ళీ కరెంటును పెంచుతుంది. ఈ ఉపాయాన్ని 1867లో వెర్నర్ సీమెన్స్ లోకానికి చెప్పాడు. ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే ఆ కాస్త కూడా పోవచ్చు. అప్పుడు డైనమో ఎంత తిరిగినా కరెంటు రాదు, అందులో ఏదీ విరిగి ఉండదు! మెకానిక్కు రెగ్యులేటరు దగ్గర బ్యాటరీ కరెంటును ఒక్క క్షణం దానికి తాకిస్తే చాలు, మళ్ళీ జ్ఞాపకం వస్తుంది. ఖర్చు కూలి మాత్రమే.

బాగయిందో లేదో ఎలా తెలుస్తుంది? ఇంజను ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర వోల్టుమీటరు సుమారు 6.3 చూపుతుంది. ఇంజను జోరుగా తిరుగుతుంటే 7.2 దగ్గరికి రావాలి. రాకపోతే గాదెలో గింజలు పడటం లేదు. డాష్‌బోర్డు మీది అమ్మీటరులో ముల్లు కూడా స్టార్టు చేశాక ప్లస్ వైపు పోవాలి. బ్యాటరీ నిండేకొద్దీ మెల్లగా మధ్యకు తిరిగి వస్తుంది. అది చూసి, మళ్ళీ చెడిపోయిందని మెకానిక్కు దగ్గరకు పరుగెత్తకండి.