మౌనము అంగీకారము కాదు

మౌనము అర్ధాంగీకారమని లోకోక్తి. లోకమైనను సగమునకే ఒప్పుకొన్నది. నేటి ఆన్‌లైను వర్తకులు కొందరు మిగిలిన సగమును తామే పూరించుకొని, కొనువాడు వలదనలేదు గనుక వలయుననినట్లే యని తీర్మానించి, నెలనెలయు నాతని ఖాతానుండి సొమ్ము తీసికొనుచున్నారు. ఇది స్వల్పవిషయమని త్రోసివేయదగినది కాదు. తన కష్టార్జితముపై తనకు గల యధికారము ఎంతవరకు నిలుచుననునదియే ఇందలి ప్రశ్న.

ఈ వసూళ్ల మార్గము చాలమంది యెరిగినదే. మొదటి నెల ఉచితమందురు. లేదా ఒక్క రూపాయి చాలునందురు. ఆ రూపాయికై కార్డు సంఖ్యనో యు.పి.ఐ. అనుమతినో ఈయవలయును. గడువు తీరిన పిమ్మట పూర్తి చందా దానంతటదియే వసూలగునని అడుగున సన్నని యక్షరములలో నుండును. చేరుటకు ఒక్క మీట చాలును. విడుచుటకు పది పుటలు దాటవలయును. నెలకు 149 రూపాయలనిన నెవరికిని బరువుగ దోపదు. ఏడాదికది 1,788 రూపాయలు. చూడని చిత్రములకును, వినని పాటలకును, తెరువని పాఠములకును ఇట్టి చందాలు రెండుమూడు చేరినచో, బీదకుటుంబమున పిల్లవాని పుస్తకముల వెల అందులోనే పోవును. వెనుక పాలవాడును పత్రికవాడును నెలాఖరున గుమ్మమునకు వచ్చి లెక్క చెప్పెడివారు. గృహస్థు సరిచూచుకొని ముల్లె విప్పెడివాడు. ఇప్పుడు ముల్లె మనది, ముడి పరులచేతిలోనిది.

ఆ ముడిని మరల మనచేతికి దెచ్చుటకు రిజర్వుబ్యాంకి చేసిన ప్రయత్నము శ్లాఘనీయము. 2019 ఆగస్టు 21వ తేదీన కార్డులకు విధించిన నిబంధనలను 2020 జనవరిలో యు.పి.ఐ.కి గూడ వర్తింపజేసి, 2021 అక్టోబరు 1 నుండి కచ్చితముగ అమలు పరచినది. తొలుత అనుమతి నమోదు చేయునప్పుడు ఓ.టి.పి. వంటి అదనపు ధ్రువీకరణ యుండవలయును. పిమ్మట ప్రతి వసూలునకును కనీసము 24 గంటల ముందు, ఎవరు, ఎంత, ఎప్పుడు, ఏల తీసికొనుచున్నారో బ్యాంకి ఖాతాదారునకు తెలుపవలయును. అతడు ఆ యొక్క వసూలునైనను, మొత్తము అనుమతినైనను నిరాకరింపవచ్చును. ప్రతిసారి ఓ.టి.పి. అడుగకయే తీసికొనదగిన మొత్తము మొదట 2,000 రూపాయలు, 2021లో 5,000, 2022 జూన్‌లో 15,000 అయినది. 2023 డిసెంబరులో బీమా, మ్యూచువల్ ఫండ్, క్రెడిట్‌కార్డు చెల్లింపులకు మాత్రము లక్ష రూపాయలకు పెంచిరి.

స్వయంచాలక చెల్లింపే కీడని మేమనము. బీమా వాయిదా మరచి కుటుంబము దిక్కులేనిదగుటకంటె దానంతటదియే చెల్లుట మేలు. 2021 అక్టోబరులో క్రొత్త నిబంధనలకు లోబడని పాత యేర్పాటులు ఆగిపోయి కొందరికి చిక్కు కలిగినమాటయు నిజమే. కాని సౌకర్యము కోరినవానికి సౌకర్యము, కోరనివానికి రక్షణ యను రెండును ఒక్కచోట ఇముడకపోవు. 15,000 రూపాయలు మనదేశమున అనేకులకు నెలజీతము. అంతవరకు ఓ.టి.పి. లేక పోగలిగినప్పుడు, వినియోగదారునకు మిగిలిన కోట ఆ 24 గంటల ముందుమాట యొక్కటియే. ఆ ముందుమాట చదివి గ్రహింపదగినదిగ నుండనిచో కోట యున్నను లేనట్లే.

ఇచ్చటనే లోపము కనబడుచున్నది. ఖాతాదారునకు తెలిసిన భాషలో, స్పష్టముగ, సందేహమునకు తావులేక తెలుపవలయునని 2019 నాటి యుత్తరువే శాసించినది. మన పట్టణములలో సెల్‌ఫోనులకు వచ్చు సందేశములు తరచు ఆంగ్లములోనే యుండి, వ్యాపారప్రకటనల నడుమ పడి కనుమరుగగుచున్నవి. తెలుగు మాత్రమే చదువగల కూరగాయల వర్తకుడు తన సొమ్ము రేపు పోవునని ఆంగ్లములో తెలిసికొనుట తెలియుట యగునా?

వినియోగదారుల చట్టమును మేలైనదే. ముందే గుర్తుపెట్టిన గడులద్వారా సమ్మతి గైకొనరాదని 2020 నాటి ఇ-కామర్సు నియమములు నిషేధించినవి. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 విధముల మోసపు పద్ధతులను పేర్కొన్నది. వానిలో చందావల యొకటి. విరమణమార్గమును దాచుటయే గాక, ఉచిత చందాకొరకు చెల్లింపు వివరములనో స్వయంచాలక వసూలునకు అనుమతినో బలవంతముగ అడుగుటయు ఆ వలలోనిదే యని నిర్వచించిరి. ఇంత స్పష్టముగ నున్నను, 2025 జూన్‌లో ఆ సంస్థ వర్తకవేదికలను మూడు నెలలలో తమ్ము దామే పరీక్షించుకొనుడని కోరినది. పరీక్ష వ్రాసినవానినే పత్రము దిద్దుకొమ్మనుట యెంతవరకు ఫలించునో పాఠకులే యూహింపవచ్చును.

అమెరికాలో సులభవిరమణకై 2024 అక్టోబరులో చేసిన నిబంధనను 2025 జూలైలో అప్పీలు న్యాయస్థానము విధానలోపము చూపి కొట్టివేసినది. ప్రైమ్ చందాల వ్యవహారమున అమెజాన్ సంస్థ, తప్పు నొప్పుకొనకయే, 250 కోట్ల డాలర్లు చెల్లించుటకు 2025 సెప్టెంబరులో అంగీకరించినది. అందు 150 కోట్లు చందాదారులకు తిరిగి ఈయవలసినవి. సొమ్ము పోయిన యేండ్లకు తిరిగి తెప్పించుటకంటె, పోకముందే యడుగుట మేలు. ఈ విషయమున మనదేశపు మార్గమే ఉత్తమము. ఉత్తమమైన మార్గమును సగముదూరమున విడువరాదు.

కావున మేము కోరునవి మూడు. ముందుమాట ఖాతాదారుని భాషలోనే, అతడు ప్రత్యేకముగ అడుగకయే, రావలయును. ఉచితకాలము ముగిసినపిమ్మట మరల స్పష్టమైన సమ్మతి లేనిదే ఒక్క పైసయు గైకొనరాదు. నియమము మీరి తీసికొన్న సొమ్మును తిరిగి యిచ్చుటయే గాక జరిమానాయు విధింపవలయును.

ప్రజల కర్తవ్యమును గలదు. పఠనమందిరములవారు నెలకొక సాయంకాలము దీనికై కేటాయింతురు గాక. యు.పి.ఐ. యాప్‌లోని ఆటోపే పట్టికను విప్పి, వలసినవి యుంచి, వలదన్నవి రద్దుచేయు విధమును ఎరిగినవారు ఎరుగనివారికి చూపవలయును. వర్తకునిపై ఫిర్యాదునకు 1915 సంఖ్య కలదు. బ్యాంకికి వ్రాసిన 30 దినములలో న్యాయము జరుగనిచో రిజర్వుబ్యాంకి అంబుడ్స్‌మన్ కలడు.

తమ సమ్మతి లేని ప్రభుత్వమునకు పన్ను చెల్లింపమని 1921-22లో నిలిచిన పెదనందిపాడు రైతుల గడ్డ యిది. వారి భూములు, పశువులు జప్తునకు గురియైనవి. మనము చేయవలసినది అంతటి త్యాగము కాదు. మన ముల్లె ముడి మనచేతిలో నున్నదో లేదో నేడే చూచుకొనుట మాత్రమే.