పీఠమెక్కినంత మాత్రాన వాక్కు ప్రమాణమగునా?



జిజ్ఞాసువులారా, నేను నాంపల్లి రైల్వేస్టేషనుకు సమీపంలో, ఒక ఇరుకు వీధిలోని చిన్న దేవాలయంలో అర్చకత్వం చేసుకొనేవాడను. ఒకనాడు సాయంకాల హారతి ముగిసిన పిమ్మట ఆబిడ్స్‌లో ఉద్యోగం చేసే ఒక యువకుడు తీర్థం స్వీకరించి, వెళ్ళకుండా అక్కడే నిలిచిపోయాడు. "అయ్యగారూ, ఒక సందేహం. 2024లో దీపావళి అక్టోబరు 31నా, నవంబరు 1నా అని మనవాళ్ళు ఎంతో వాదించుకున్నారు. ఒక పంచాంగం చెప్పినదాన్ని మరొక పంచాంగం కాదంటుంది. మా ఆఫీసులో ఒక కేథలిక్ మిత్రుడున్నాడు. వాళ్ళకు పోపుగారు చెప్పిందే చివరి మాట. మనకూ అలాంటి పీఠం ఒక్కటి ఉంటే ఈ గందరగోళం ఉండదు కదా?" అన్నాడు.

ఈ కోరిక ఆ యువకుడొక్కనిదే కాదు. "హిందువులకూ ఒక పోపు కావాలి" అనే మాట భక్తుల నోట ఇదివరకే విన్నాను. కనుక ఆ పీఠం తనను గూర్చి తాను ఏమి చెప్పుకొంటున్నదో, ఆ మాట విచారణకు నిలుస్తుందో లేదో పరిశీలించవలసి ఉన్నది. ఖండనకు ముందు పూర్వపక్షాన్ని ఉన్నదున్నట్లు చెప్పడం మన శాస్త్రమర్యాద.

ఆబిడ్స్ ప్రక్కనే గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసఫ్ కథీడ్రల్ ఉన్నది. అది హైదరాబాదు కేథలిక్ అగ్రపీఠానికి ప్రధానాలయం. దానికి శంకుస్థాపన జరిగినది 1870లో. అదే సంవత్సరం జూలై 18న, రోమునగరంలో సమావేశమైన మొదటి వాటికన్ మహాసభ "పోపుగారి అభ్రాంతత్వాన్ని" విశ్వాససూత్రంగా ప్రకటించింది. అభ్రాంతత్వమంటే పోపు పాపరహితుడని అర్థం కాదు. ఆయన ప్రతి పలుకూ దైవవాక్కని కూడా కాదు. మనవాళ్ళు చాలామంది ఇక్కడే పొరబడి, ఎదుటివారు అననిదాన్ని ఖండించి తృప్తిపడుతుంటారు. వారు చెప్పేది ఇది: సమస్త క్రైస్తవులకు గురువుగా తన పీఠాధికారంతో, విశ్వాసానికో నీతికో సంబంధించిన సిద్ధాంతాన్ని సంఘమంతా స్వీకరించవలసినదిగా పోపు నిర్వచించినప్పుడు, దైవసహాయం వలన ఆ నిర్వచనంలో దోషం సంభవించదు. ఆ నిర్వచనం స్వతస్సిద్ధంగానే మార్పునకు అతీతం. సంఘం సమ్మతించడం వలన కాదు.

ఈ నిర్ణయమైనా ఏకగ్రీవంగా వచ్చినది కాదు. జూలై 13న జరిగిన వోటింగులో 88 మంది "సమ్మతం కాదు" అన్నారు. మరి 62 మంది సవరణలు కోరారు. చివరి వోటుకు ముందే వ్యతిరేకులలో అనేకులు రోము విడిచి వెళ్ళిపోయారు. 18వ తేదీన అనుకూలంగా 533, ప్రతికూలంగా 2 వోట్లు పడ్డాయి. ఈ సిద్ధాంతాన్ని అంగీకరించని మ్యూనిక్ చరిత్రపండితుడు డోలింగర్‌ను 1871లో సంఘం నుండి వెలివేశారు. మన ఆబిడ్స్‌లోనే ఉన్న సెయింట్ జార్జి చర్చివారు, అనగా దక్షిణ ఇండియా సంఘంవారు, అదే క్రీస్తును ఆరాధిస్తూ ఈ సిద్ధాంతాన్ని స్వీకరించరు. ఒక్క పీఠముంటే భేదాలు అణగిపోతాయన్న ఆశకు ఆబిడ్స్‌లోనే సమాధానం ఉన్నది.

ఇక విచారణ. మన శాస్త్రజ్ఞులు పురుషవాక్యానికి నాలుగు దోషాలు చెప్పారు: భ్రమ, ప్రమాదం, విప్రలిప్స, కరణాపాటవం. ఒకదానిని మరొకటిగా గ్రహించడం, ఏమరుపాటు, వంచించాలనే కోరిక, ఇంద్రియాల అశక్తత. పురుషుడున్న చోట ఈ దోషాలకు అవకాశమున్నది. అందుచేతనే మీమాంసకులు వేదప్రామాణ్యాన్ని ఏ మహర్షి మహిమ మీదా నిలపలేదు, వేదం అపౌరుషేయమన్నారు. "మేము పోపు ప్రతిభను నమ్మడం లేదు, ఆయనకు లభించే దైవసహాయాన్ని నమ్ముతున్నాము" అని కేథలిక్ పండితులంటారు. సరే. ఆ సహాయం ఉన్నదని మనకెలా తెలియాలి? పేతురుతో క్రీస్తు పలికిన మాటల వలన, అని సమాధానం. ఆ మాటలకు ఈ అర్థమేనని నిశ్చయించినదెవరు? సంఘం. సంఘం నిశ్చయంలో దోషముండదని ఎలా తెలిసింది? ఆ వాక్యం వలననే! దీనినే తర్కశాస్త్రంలో అన్యోన్యాశ్రయదోషమంటారు. ఇద్దరు బాకీదారులు ఒకరికొకరు జామీను నిలిచినట్లు.

రెండవది. పోపు ఎప్పుడు పీఠాధికారంతో పలికినట్లు? పండితులందరూ నిస్సందేహంగా అంగీకరించేవి రెండే: మరియమాత జన్మపాపం లేకుండా మాతృగర్భంలో పడినదని 1854లో తొమ్మిదవ పయస్ చేసిన ప్రకటన, ఆమె సశరీరంగా స్వర్గానికి చేర్చబడినదని 1950లో పన్నెండవ పయస్ చేసిన ప్రకటన. తక్కినవాటి విషయంలో వాదం సాగుతూనే ఉన్నది. ఏడవ శతాబ్దంలో హొనోరియస్ అనే పోపు క్రీస్తు సంకల్పాన్ని గూర్చి వ్రాసిన లేఖలకుగాను, ఆయన మరణానంతరం 681లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ ఆయనను దూషించింది. "అవి పీఠాధికారంతో వ్రాసినవి కావు" అని నేటి సమాధానం. అట్లయితే ఏది అభ్రాంతవాక్యమో తేల్చేవారు భ్రాంతికి లోనయ్యే పండితులే గదా! తాళంచెవిని పెట్టెలో ఉంచి తాళం వేసినట్లయింది.

మూడవది మన నేలకు సంబంధించినది. 17వ శతాబ్దారంభంలో మధురకు వచ్చిన రాబర్ట్ డి నొబిలి దేశాచారాలను విడువనక్కరలేదని బోధించాడు. 1623లో పదిహేనవ గ్రెగరీ వాటిలో కొన్నిటిని నిబంధనలతో అనుమతించాడు. 1704లో రోము ప్రతినిధి పుదుచ్చేరిలో భస్మధారణ మొదలైన అనేకాచారాలను నిషేధించాడు. 1744లో పద్నాల్గవ బెనెడిక్టు ఆ నిషేధాన్ని స్థిరపరచాడు. మతప్రచారకులు దానికి కట్టుబడతామని ప్రమాణం చేయవలసివచ్చింది. ఆ ప్రమాణం 1940లో గాని తొలగలేదు. "ఇవి క్రమశిక్షణకు సంబంధించినవి, అభ్రాంతత్వం వీటికి వర్తించదు" అంటారు. శాస్త్రరీత్యా ఆ మాట నిజమే. కాని ఆ కాలంలో నొసట విభూతి తుడిచివేసుకొన్న గృహస్థునికి ఈ భేదమెవరు చెప్పారు? పైన ఒక్క వాక్యానికి దోషం లేదన్నప్పుడు, క్రిందివారికి ప్రతి ఆజ్ఞా దోషరహితంగానే వినిపిస్తుంది. ఈ సిద్ధాంతం వలన కలిగే అసలు హాని ఇదే.

"మీరూ వేదాన్ని అభ్రాంతమంటారు కదా" అని అడగవచ్చు. అంటాము. కాని వేదం అపౌరుషేయమైనా వ్యాఖ్యానం పౌరుషేయమే. అందుచేతనే అవే బ్రహ్మసూత్రాలకు శంకర, రామానుజ, మధ్వాచార్యులు మూడు భాష్యాలు వ్రాశారు. ఒకరి పీఠం మరొకరి నోరు మూయించలేదు. నూరు శ్రుతులు అగ్ని చల్లనిదన్నా అది ప్రమాణం కాదని గీతాభాష్యంలో చెప్పినవారు శంకరులే. మండనమిశ్రులతో వాదానికి కూర్చున్నప్పుడు ఆ జగద్గురువు ఉభయభారతిని న్యాయనిర్ణేతగా అంగీకరించారని సంప్రదాయం చెబుతున్నది. తెలుగు కేథలిక్కులు కూడా పోపుగారిని జగద్గురువులని, బిషప్పులను పీఠాధిపతులని వ్యవహరిస్తారు. పదాలు మనవే; అర్థం మాత్రం మారిపోయింది.

ఆ యువకునికి నేను చెప్పినది తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి. విద్య ముగించి ఇంటికి వెళ్ళే శిష్యునికి ఆచార్యుడు చేసే ఉపదేశం అది. మాలో ఏవి మంచి నడతలో వాటినే అనుసరించు, ఇతరాలను కాదు, అని గురువే అంటాడు. ధర్మసందేహం కలిగితే ఒక్క పీఠాన్ని ఆశ్రయించమనలేదు. ఆ చోట ఉన్నవారిలో ఆలోచనాపరులు, కఠినులు కానివారు, ధర్మకాములు ఎలా వర్తిస్తారో అలా వర్తించమన్నాడు. విద్యార్థిగా దీనిని ఎన్నో వందలసార్లు వల్లెవేశాను. అర్థం తెలిసినది మాత్రం ఒక అవమానం వలన.

పన్నెండేళ్ళ క్రితం ఒక గృహస్థు తండ్రిగారి ఆబ్దికానికి తిథి నిర్ణయించాను. అపరాహ్ణవ్యాప్తి సరిగా చూడలేదు. నా వద్ద వేదం చెప్పుకొనే పదహారేళ్ళ కుర్రవాడు ముందునాడే, "గురువుగారూ, ఎల్లుండి కదండీ?" అన్నాడు. "నేను చెప్పినదే తిథి" అని గద్దించాను. కార్యం జరిగిపోయింది. ఆ సాయంత్రం మనసు ఊరుకోక గ్రంథం తెరిస్తే కుర్రవాడే సరి. రాత్రివేళ ఆ గృహస్థు ఇంటికి వెళ్ళి తప్పు ఒప్పుకొన్నాను. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, "రేపు మళ్ళీ చేద్దాం, అయ్యగారూ" అన్నారు. నా మాటకు మార్పులేదన్న పీఠం ఒకటి నాకుండి ఉంటే, ఆ పితృదేవతకు ఆ ఏడు శ్రాద్ధమే లేకపోయేది.

కనుక ఈ ఖండన గన్‌ఫౌండ్రీ వైపు మాత్రమే చూసి చేసినది కాదు. తమ మాటే వేదమనే గురువులు, ప్రశ్నించినవానిని ద్రోహి అనే శిష్యగణాలు మనలోనూ పెరుగుతున్నారు. రోములో ఆ సిద్ధాంతానికి షరతులైనా ఉన్నాయి. వీరికి అవీ లేవు! సెయింట్ జోసఫ్ దేవాలయానికి వెళ్ళే భక్తుల భక్తిని నేను శంకించడం లేదు. నేను కాదన్నది మానవుని పీఠానికి అంటగట్టిన అభ్రాంతత్వాన్నే. అది ఎవరిదైనా సరే.

నాయనా, పంచాంగాల వివాదం వలన కలిగే చిరాకు చిన్నది. అది వాదంతో తేలుతుంది. తేలకపోయినా దీపం రెండు రోజులు వెలిగించవచ్చు. తప్పు దిద్దుకొనే దారి మూసుకొనిపోతే, ఆ చీకటికి దీపావళి ఏది?

స్వస్తి.