కోట అన్న ఒక్క మాటతో వచ్చిన చిక్కు

చైనా దేశపు ప్రాచీన కట్టడాల ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న వినబడుతూ ఉంటుంది. ఐరోపాలో కొండకొక రాతికోట ఉన్నదే, అంతటి పురాతన నాగరికత గల చైనాలో అటువంటివి ఏల కనబడవు? ప్రశ్న అడిగినవారే జవాబూ చెప్పేస్తారు. చైనావారికి రాతిపని రాదని ఒకరు, వారు స్వభావతః శాంతులు గనుక కోటల అవసరం పడలేదని మరొకరు, మట్టిగోడలతో సరిపెట్టుకున్నారు గనుకనే తరువాతి కాలంలో వెనుకబడిపోయారని ఇంకొకరు. మూడు జవాబులూ తప్పులే. అంతకుమించి, ప్రశ్న దగ్గరే మనం పప్పులో కాలు వేస్తున్నామన్నది నా వాదం. తెలుగు పండితుణ్ణి గనుక ముందుగా మాట సంగతి చూస్తాను, ఆ తరువాతనే గోడ సంగతి.

ఆంగ్లేయులు కాజిల్ అనే మాటకు మూలం లాటిన్ భాషలోని కాస్టెల్లుం. అది కాస్ట్రుం అనే పదానికి అల్పార్థకం. కాస్ట్రుం అంటే సైనిక స్థావరం, కాస్టెల్లుం అంటే చిన్న దుర్గం. సరిగ్గా ఇదే తీరున గఢ్ అనే హిందీ పదానికి అల్పార్థకం గఢీ. అదే తెలంగాణంలో గడీ అయింది. దొర గడీ అంటే ఏమిటో అక్కడి పల్లెలలో పుట్టిన పెద్దవారికి నేను చెప్పవలసిన పని లేదు. ఎత్తైన గోడ, పెద్ద దర్వాజా, లోపల దొర కుటుంబం, ధాన్యపు కొట్లు, పరివారం. ఊరు మాత్రం గోడకు వెలుపల. ఐరోపా కాజిల్‌కు మన భాషలో ఇంతకన్న దగ్గరి మాట నాకు కనబడదు. కొలతల్లో తేడా ఉండవచ్చు గాని స్వభావం ఒక్కటే. అది ప్రభువు నివాసం, ప్రభువు ఆయుధాగారం, ప్రభువు అధికారానికి గురుతు.

చైనా భాషలో చెంగ్ అనే మాట ఉంది. దానికి గోడ అనీ అర్థమే, నగరం అనీ అర్థమే. రెండింటికీ ఒకే అక్షరం. మనం మహాకుడ్యం అంటున్న దానిని వారు పొడవైన చెంగ్ అంటారు. నగరాన్ని కాచే దేవతకు వారు పెట్టుకున్న పేరు చెంగ్‌హువాంగ్. ఆ పేరును విడదీస్తే గోడ, అగడ్త అని వస్తుంది. గోడనూ అగడ్తనూ గ్రామదేవతగా కొలుచుకున్న జనానికి గోడ ఎవరిదో వేరే చెప్పాలా?

ఇప్పుడు ఈ రెంటినీ కోట అనే ఒక్క మాటతో తెనిగించి, అక్కడ ఉన్న కోట ఇక్కడ ఏల లేదని అడుగుతున్నాం. గడీని చూపించి, ఈ ఊరి చుట్టూ ఉన్న ప్రాకారం ఇలా ఎందుకు లేదని అడగడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

ఐరోపా గడీలు పుట్టిన కాలం చూడండి. క్రీ.శ. 9వ శతాబ్దంలో షార్లమేన్ సామ్రాజ్యం ముక్కలవుతున్నది. ఉత్తరాన్నుంచి వైకింగుల దాడులు. రాజు కాపాడలేడని తెలిసిన స్థానిక ప్రభువులు తమ దుర్గాలు తామే కట్టుకోసాగారు. 864లో పీత్ర్ అనే చోట చార్లెస్ ది బాల్డ్ అనే రాజు, తన అనుమతి లేకుండా కట్టిన దుర్గాలను కూల్చివేయవలసిందని శాసనం చేశాడు. ఆ శాసనం నిలువలేదు. రాజు చేయి జారిన చోటనే గడీ లేచింది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించాక దేశమంతటా దిబ్బలు పోసి, వాటిమీద కొయ్యకోటలు, తరువాత రాతికోటలు కట్టింది ఎవరి నుంచి రక్షణకు? ప్రధానంగా అప్పుడే జయించిన ఆ ప్రజల నుంచే. లండన్‌లోని వైట్ టవర్ సుమారు 27 మీటర్ల ఎత్తున ఇప్పటికీ నగరం మీదికి చూస్తూ నిలబడి ఉంది.

గడీకి రాయీ, ఎత్తూ ఎందుకు కావలసివచ్చాయో దీనితోనే తెలుస్తుంది. లోపల ఉండేది పిడికెడు మంది. 13వ శతాబ్దం చివర ఎడ్వర్డ్ రాజు వేల్స్‌లో కట్టించిన కాన్వీ దుర్గానికి నియమించిన కావలి బలం 30 మంది, అందులో 15 మంది యంత్రధనుస్సుల వారు. అంత కొద్దిమంది వందలమందిని ఆపాలంటే గోడ నిటారుగా, ఎక్కరానిదిగా ఉండాలి. ముట్టడిలో తిండి చాలాలంటే లోపల నోళ్ళు తక్కువగా ఉండాలి.

ఆ నోళ్ళ లెక్క ఎంత దూరం పోయిందో ఒక ఉదాహరణ చెబుతాను. ఫ్రాన్సులో సేన్ నది ఒడ్డున రిచర్డ్ రాజు 1196–98 మధ్య కట్టించిన షాతో గయ్యార్ దుర్గాన్ని 1203లో ఫిలిప్ రాజు ముట్టడించాడు. దిగువనున్న ఊరి జనం పరుగెత్తుకొచ్చి దుర్గంలో తలదాచుకున్నారు. ధాన్యం తరుగుతున్నదని దుర్గపాలకుడు వారిని విడతలుగా వెలుపలికి పంపివేశాడు. మొదటి విడతల వారిని శత్రుసేన పోనిచ్చింది, తరువాతి వారిని పోనివ్వలేదు. వెనుక తలుపు మూశారు, ముందు బాణాలు వేశారు. గోడకూ సేనకూ నడుమ చలికాలమంతా ఆకలితో ఎందరో చచ్చిపోయారు. 1204లో దుర్గం ఎలాగూ పడిపోయింది. ఆ దుర్గపాలకుడు ప్రత్యేకించి క్రూరుడని నేను అనను. అతడు గడీ ధర్మం పాటించాడు. ఆ కట్టడం వారి కోసం కట్టినది కాదు.

ఇక చైనా వైపు రండి. చైనా ప్రాచీన చరిత్ర గ్రంథమైన జువోజ్వాన్‌లో క్రీ.పూ. 722 నాటి వృత్తాంతం ఒకటి ఉంది. జెంగ్ రాజ్యపు ప్రభువు తన తమ్ముడికి ఒక పట్టణం ఇచ్చాడు. తమ్ముడు దాని గోడను హద్దు మీరి పెంచాడు. అప్పుడు మంత్రి వచ్చి హెచ్చరించాడు. రాజధాని గోడలో మూడో వంతును మించి ఏ పట్టణానికీ గోడ ఉండరాదు, మధ్యరకానికి ఐదో వంతు, చిన్నదానికి తొమ్మిదో వంతు అని పూర్వుల నియమం ఉన్నదని గుర్తుచేశాడు. చివరకు ఆ తమ్ముడు తిరుగుబాటుకు సిద్ధపడగా, అన్న సేన అతణ్ణి దేశం వెళ్ళగొట్టింది. అనగా అంత పూర్వమే అక్కడ గోడ కొలత రాజకీయ విషయం. అనుమతి లేని గోడ రాజద్రోహానికి తొలి మెట్టు.

క్రీ.పూ. 221లో చిన్ చక్రవర్తి దేశమంతటినీ ఒక్కటి చేసి, వంశపారంపర్య సామంతులను తొలగించి, జిల్లాలకు తన అధికారులను పంపాడు. క్రీ.పూ. 215లో పాత రాజ్యాల నడుమనున్న అడ్డుగోడలను కూల్పించినట్టు శాసనం వేయించుకున్నాడు. అటుపై రెండువేల ఏళ్ళలో ఎన్ని వంశాలు మారినా, దేశం ఎన్నిసార్లు చీలినా, బదిలీ మీద వచ్చి బదిలీ మీద పోయే అధికారి ఏలుబడే అక్కడి ఆదర్శంగా నిలిచింది. బదిలీ మీద వచ్చినవాడు సొంతానికి గడీ ఎందుకు కట్టుకుంటాడు? అతడు ఊరి గోడను మరమ్మతు చేయిస్తాడు. 14వ శతాబ్దంలో కట్టిన నాన్‌జింగ్ ప్రాకారపు ఇటుకల మీద, కాల్చిన పనివారి పేర్లూ బాధ్యత వహించిన అధికారుల పేర్లూ అచ్చొత్తి ఉన్నాయి. ఇటుక పగిలితే ఎవరిని అడగాలో ఇటుకే చెబుతుంది.

ఇటువంటి ప్రాకారాన్ని ఎవరు కాస్తారు? మోజి అనే తత్త్వవేత్త శిష్యులు నగర రక్షణ మీద రాసిన ప్రకరణాలు నేటికీ దొరుకుతున్నాయి. గోడమీద ప్రతి 50 అంగలకు 10 మంది పురుషులు, 20 మంది స్త్రీలు, వృద్ధులూ పిల్లలూ కలిసి 10 మంది ఉండాలని అందులో లెక్క కట్టారు. కాన్వీ దుర్గానికి మొత్తం 30 మంది, ఇక్కడ 50 అంగల గోడకే 40 మంది, అందులో సగం స్త్రీలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకటి ఎందుకు సన్నగా ఎత్తుగా లేచిందో, మరొకటి ఎందుకు వెడల్పుగా ఊరిని చుట్టుకొని పరచుకున్నదో విడమరచి చెప్పనక్కరలేదు. గోడమీద వేలమంది నడవాలి, మోయాలి, నిలవాలి. షీయాన్‌లో నేడు నిలిచి ఉన్న మింగ్ కాలపు ప్రాకారం ఎత్తు 12 మీటర్లు, అడుగున మందం 15 నుంచి 18 మీటర్లు, చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు. ఎత్తుకన్న మందం ఎక్కువ!

రాతిపని రాదన్న వాదానికి ఒక్క వంతెన చాలు. 605 నాటికి లీ చున్ అనే శిల్పి జావోజౌలో కట్టిన రాతివంతెన ఒకే కమానుతో 37 మీటర్ల దూరం దాటుతూ నేటికీ నిలిచి ఉంది. రాయి తెలియనివారి పనా అది? పసుపునది మైదానంలో రాయి దొరకడం కష్టం, గాలి మోసుకొచ్చి పోసిన మెత్తటి పసుపుమన్ను మాత్రం కావలసినంత. పలకల నడుమ ఆ మన్ను పోసి, బెత్తెడు మందాన పొర తరువాత పొర దిమ్మిస కొడితే రాయివలె గట్టిపడుతుంది. జెంగ్‌జౌలో సుమారు 3500 ఏళ్ళ నాడు ఇలా కట్టిన దాదాపు 7 కిలోమీటర్ల గోడ ఆనవాళ్ళు నేటికీ ఉన్నాయి. ఇటుక తొడుగు ఎన్నో శతాబ్దాల తరువాతి మాట.

మట్టిగోడ అనగానే మనవారు పెదవి విరవడం నాకు మరీ వింతగా ఉంటుంది. కౌటిల్యుడు ఏమి చెప్పాడు? అగడ్త తవ్విన మన్నును గుట్టగా పోసి, ఏనుగుల చేతా ఎద్దుల చేతా తొక్కించి, దానిమీద ప్రాకారం కట్టమన్నాడు. ఆ మట్టికట్టకు వప్రమని పేరు. అమరకోశం పురవర్గంలో వప్రం వేరు, ప్రాకారం వేరు. మన ఓరుగల్లులో రాతికోటకు వెలుపల మట్టికోట ఉన్నది. 1309–10లో మాలిక్ కాఫూర్ సేన వెంట జరిగిన సంగతులు రాసిన అమీర్ ఖుస్రో ఆ మట్టిగోడ గట్టిదనాన్ని ప్రత్యేకించి వర్ణించాడు. శత్రువు మెచ్చిన దానిని మనం చిన్నబుచ్చడమా?

ఇక వెనుకబాటు వాదం. గోడలను పడగొట్టగల ఫిరంగులు వచ్చాక ఐరోపాలో ఎత్తైన సన్నని గోడలకు కాలం చెల్లింది. 1494లో ఫ్రెంచి రాజు ఎనిమిదో చార్లెస్ ఫిరంగులతో ఇటలీ మీదికి దిగిన తరువాత, అక్కడి ఇంజనీర్లు చేసినదేమిటి? గోడలను కిందికి దించారు, మందం పెంచారు, లోపల మన్ను నింపారు. అప్పటికి మూడువేల ఏళ్ళుగా చైనావారి గోడ ఇంచుమించు అటువంటిదే. ఐరోపావారు కోణాకారపు బురుజులతో తమ కోటకు కొత్త రూపం ఇచ్చిన మాట నిజమే, ఆ తెలివిని కాదనను. చైనా గోడలు అంత మందంగా ఉండడం వల్లనే, మందుగుండును కనిపెట్టిన ఆ దేశంలో గోడలు కూల్చే పెద్ద ఫిరంగి పెరగలేదని టోనియో ఆండ్రేడ్ అనే చరిత్రకారుడు 2016లో ప్రచురించిన గ్రంథంలో వాదించాడు. ఆ వాదం నాకు సబబుగానే తోస్తున్నది.

ఆక్షేపణలు రాకపోవు. ఐరోపాలోనూ నగర ప్రాకారాలు లేవా అంటారు. ఉన్నాయి. కాన్‌స్టాంటినోపుల్ ప్రాకారం 1453 వరకు లోకప్రసిద్ధం. చైనాలో గడీలు లేవా అంటారు. అవీ ఉన్నాయి. హాన్ సామ్రాజ్యం కూలిన తరువాతి అరాచకంలో పెద్ద కుటుంబాలు తమ దుర్గాలు కట్టుకున్నాయి. ఫూజియాన్ కొండల్లో ఒక్కొక్క వంశం మొత్తం ఒకే మట్టిభవనంలో కాపురమున్న తూలౌలు నేటికీ ఉన్నాయి. కైపింగ్‌లో 20వ శతాబ్దం తొలినాళ్ళలో బందిపోట్ల భయానికి, విదేశాలలో ఆర్జించిన ధనంతో గోపురపు ఇళ్ళు లేపారు. ఈ ఉదాహరణలు నా వాదాన్ని బలపరుస్తున్నాయే గాని కొట్టివేయడం లేదు. ప్రభుత్వపు చేయి అందని చోట చైనావారూ గడీలు కట్టారు. తేడా జాతి స్వభావంలో లేదు.

శాంతస్వభావులన్న పొగడ్తను కూడా నేను అంగీకరించను. ఆ గోడలు వెట్టిచాకిరీతో లేచాయి. కుడ్యం కట్టడానికి పోయి తిరిగిరాని మగనికోసం ఏడ్చిన మెంగ్ జియాంగ్ కథను చైనా ప్రజలు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. తాంగ్ కాలపు చాంగాన్ నగరంలో పొద్దుగూకగానే డప్పు కొట్టి, పేటపేటకూ తలుపులు మూసేవారు. లోపలివారిని కాచే గోడ లోపలివారిని కట్టడి చేయడానికీ పనికివస్తుంది. ఊరంతా గోడలోపల ఉన్నప్పుడు గోడ పడితే ఊరంతా పడుతుంది. 1645లో మంచూ సేన యాంగ్‌జౌ ప్రాకారాన్ని ఛేదించినప్పుడు జరిగిన ఊచకోత చరిత్రలో నిలిచిపోయింది. గడీలో నోళ్ళు లెక్కపెట్టి గెంటివేస్తారు, చెంగ్‌లో అందరినీ లోపలే పెట్టి తలుపు మూస్తారు. ఏది మేలని నేను తీర్పు చెప్పబోవడం లేదు. రెండూ వేరని మాత్రం గట్టిగా చెబుతున్నాను.

చరిత్ర మీద టపాలు రాసే బ్లాగ్మిత్రులకు, అనువాదకులకు ఒక విన్నపం. కాజిల్ కనబడినచోట గడీ అని రాయండి. ఆ మాట మోటుగా తోస్తే ప్రభుదుర్గం అనండి. చైనా చెంగ్‌ను పురప్రాకారం అనండి, దాని మట్టికట్టను వప్రం అనండి. ఇన్ని మాటలు చేతిలో ఉంచుకొని అన్నింటికీ కోట అని రాయడం బద్ధకం. ఆ బద్ధకం వల్లనే ఒకరి కొలబద్దతో ఇంకొకరిని కొలిచి, పొట్టివాడని తేల్చేస్తున్నాం. ఏ గోడను చూసినా ముందు దాని ఎత్తు అడగకండి. దాని వెనుక ఎవరికి చోటున్నదో అడగండి.

గడీ అన్న మాటకు అభ్యంతరం ఉన్నవారు వ్యాఖ్యలలో చెప్పండి, వాదించుకుందాం. తెలంగాణపు పెద్దలు తమ ఊరి గడీ కొలతలు రాస్తే మరీ సంతోషం.