బాటకు ముగ్గు

తెల్లవారకమునుపే వాకిలి యూడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టుట మన తెలుగు గృహిణుల నిత్యకృత్యము. ఆ ముగ్గు గడపలోపల నాగిపోలేదు. గడప దాటి వీథిలోనికి వచ్చినది. ఇంటిముందరి వీథియు తన యింటిలోనిదే యని తలచిన జాతి మనది. సంక్రాంతినాడు మారేడుపల్లి మొదలు సీతాఫల్‌మండి వరకు సికింద్రాబాదు సందులలో ఈ శోభ నేటికిని కనబడును. ఐనను ఆ ముగ్గునకు నాలుగడుగుల దూరమున నున్న కాలిబాట మాత్రము ఎవరిదియు గాదు! అది ప్రభుత్వమువారిదట! కావున దానిపై ఉమ్మివేయువారును, చెత్త పోయువారును, మోటారుబండ్లు నిలుపువారును గలరు గాని, అది మాదనువారు లేరు.

నడకదారులను, సైకిలుబాటలను అలంకరించు పనిని ఆయా పేటల నివాసులకును బడిపిల్లలకును అప్పగింపవలెనని మా యభిప్రాయము. ఇది వట్టి వేడుక గాదు. తన చేతితో రంగు వేసిన గోడపై పిల్లవాడు ఉమ్మివేయడు. తండ్రి యుమ్మివేయబోయినను ఊరకుండడు. గుత్తేదారు వేయించిన రంగు వెలిసిన, మరల టెండరు పిలువవలెను. పేటవారు వేసిన రంగు వెలిసిన, మరల వేయుటకు పేటవారే యుందురు.

ఇట్టి పని మనకు క్రొత్త గాదు. 2016లో హుస్సేనుసాగరు చెంతనున్న ఎం.ఎస్. మక్తాలో నివాసగృహముల గోడలే చిత్రకారులకు పటము లైనవి. 2018లో సుందరముగ తీర్చిన స్టేషనులకు రైల్వేశాఖవారు బహుమతులీయగా, మన సికింద్రాబాదు స్టేషను తృతీయ స్థానము నందినది. ద్వితీయ స్థానము నందినవానిలో బీహారునందలి మధుబని యొకటి. అచ్చటి స్థానిక చిత్రకారులు కూలి గోరక, తమ యూరి చిత్రకళతోనే స్టేషను గోడలను నింపిరి. ఆ చిత్రములకన్న ఆ పూనిక గొప్పదని మా తలంపు.

అలంకరించుటకు ముందు బాట యుండవలదా యని పాఠకు లడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. లేని బాటకు రంగు వేయుట, కూలిన గోడకు సున్నము కొట్టుటయే. కాలిబాటను వాడుకొను హక్కు రాజ్యాంగము 21వ అధికరణమునందలి జీవనహక్కులో భాగమని సుప్రీముకోర్టు 2025 మే నెలలో స్పష్టపరచినది. కాలిబాట కనీసము 1.8 మీటర్ల వెడల్పున అడ్డు లేక యుండవలెనని ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు నియమము. కావున కుంచెకు ముందు పిల్లల చేతికి కొలత టేపు నిండు. ఇంటినుండి బడివరకు నడచి, ఎచ్చట బాట తెగినదో, ఎచ్చట ట్రాన్స్‌ఫార్మరు అడ్డమో, ఎచ్చట కారు నిలిచినదో వారే వ్రాసి అధికారుల కర్పింతురుగాక. ఆ లెక్కయే వారి మొదటి చిత్రము.

దారి విలువ ఎరుగని పట్టణము గాదిది. కంటోన్మెంటులో సైన్యమువారు దారులు మూయగా, నివాసులు ఏండ్లతరబడి మొరపెట్టుకొనిరి. మూసిన దారులు తెరువవలసినదని 2018లో రక్షణశాఖ ఉత్తరువు చేసినది. 1972లో హాలండునందు, మోటారుల క్రిందబడి పిల్లలు మరణించుటను సహింపలేక తలిదండ్రులును పిల్లలును వీథులకెక్కిరి. నేడా దేశము సైకిలుబాటలకు పేరుగాంచినది. మన నగరమునందును 2023లో ఔటర్ రింగురోడ్డు వెంబడి 23 కిలోమీటర్ల సైకిలుబాట, సూర్యఫలకముల నీడతో వెలసినది. సంతోషమే, కాని పద్మారావునగరునుండి సైకిలుపై బడికేగు బాలునకు అది యేమి యక్కర?

మరియొక హెచ్చరిక. అలంకరణ పేరిట మోండా మార్కెటు కూరగాయల గంపలను తొలగింపరాదు. వీథివ్యాపారుల జీవనమును రక్షించు చట్టము 2014నుండి గలదు. వారును ఆ బాట నివాసులే. వారికిని కుంచె నీయవలెను. నున్నని రంగు వానలో జారును గనుక చక్రములు తిరుగుచోట వేయక, గోడలకును గట్టులకును వేయుట మేలు. అంధులకు దారి జూపు గరుకు పలకల జోలికి పోరాదు.

ఏమి చిత్రింపవలెనందురా? లష్కరు బోనాలు లేవా? గడియారస్తంభము లేదా? 1893లో వివేకానందస్వామి ప్రసంగించిన మహబూబు కళాశాల లేదా? చేర్యాల నకాషీ చిత్రకారులను పిలిచినచో పిల్లలకు గురువులు దొరకుదురు.

పౌరమహాజనులారా! రాబోవు సంక్రాంతికి మీ ముగ్గును మరి నాలుగడుగులు ముందునకు సాగనిండు. బాట మాదని పిల్లలు పలికిననాడు దానిని ఆక్రమింప నెవరికి ధైర్యము చాలును?